మా ఇంటి సైగ

సస్మిత అంటే నాకు పడదు. ఈ సంగతి మా ఆయన తిరుపతిరావుకి తెలుసు, మా అమ్మకి తెలుసు, గుణుపూర్‌లో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళలో సగం మందికి తెలుసు. తెలియనిది మా తమ్ముడు ధనుంజయ ఒక్కడికే. వాడికి పుట్టు చెవుడు, మాట కూడా రాదు. వాడికి ఏ సంగతైనా తెలియాలంటే నేను సైగ చేసి చెప్పాలి. ఈ సంగతి నేను చెప్పలేదు.

ఆవిడ మరదలిగా వచ్చే మనిషైనా బాగుండేది. ఆడపడుచుగా సాధించే హక్కయినా నాకు ఉండేది. ఆవిడకి మొగుడున్నాడు, బడికెళ్ళే కూతురుంది. సొంతూరు రాయగడ, పని కొరాపుట్‌లో. ఆవిడకీ వినబడదు. కంప్యూటర్ చదువు చదివి, సైగల భాషకి ఫోన్‌లో నిఘంటువు తయారుచేసే పని పెట్టుకుంది. మాటలకి అక్షరాలున్నట్టే సైగలకీ ఒక రాత ఉందట. చేతిని బొమ్మగా గీస్తారు. అరచెయ్యి కనిపిస్తే తెల్లగా వదిలేస్తారు, చేతి వెనక వైపు కనిపిస్తే నల్లగా నింపుతారు. చెయ్యి ఎటు కదలాలో బాణం గుర్తు వేస్తారు. మొహానికి ఒక సున్నా చుట్టి అందులో కనుబొమలు, నోరు, చూపు పెడతారు. చూస్తే ముగ్గుని ముక్కలు చేసి పేర్చినట్టు ఉంటుంది. ఆ రాత వచ్చినవాళ్ళకి కావలసింది మా తమ్ముడిలాంటి వాళ్ళు, ఎందుకంటే వాడికి ఊళ్ళ సైగలు తెలుసు. అలా వాణ్ణి ఎగరేసుకుపోయింది.

నా బాధ ఇది. వాడికి భాష ఇచ్చింది నేను. చెవిటిపిల్లల బడిలో చేర్చేదాకా వాడికి తెలిసిన సైగలన్నీ నా చేతుల్లోంచి వచ్చినవే. పిడికిలి కింద బొటనవేలు వంచి వేలాడదీస్తే జీడిపిక్క. కళ్ళ ముందు గుప్పిట మూస్తే కరెంటు పోయింది. లేని మీసం మెలేస్తే నాన్నకి కోపం వచ్చింది, పొలం వైపు పారిపో. ఆసుపత్రిలో డాక్టరు వాడికేసి చూడకుండా నాకేసి చూసి అడిగేవాడు, బ్యాంకులో గుమాస్తా నన్నే అడిగేవాడు, చివరికి మంగలి కూడా జుట్టు ఎంత తగ్గించాలో నన్నే అడిగేవాడు. వాడి నోరు నేనే. అలాంటిది ఇప్పుడు ఊళ్ళో వాళ్ళు, "మీ తమ్ముడికి ఆ రాయగడావిడ బాగా నేర్పేసిందమ్మా" అంటుంటే ఒళ్ళు మండదా?

వాడు సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా చేతులు కొత్తగా కదిలేవి. ఒకసారి అమ్మ జీడిపిక్కలు కాలుస్తుంటే వాడు ఏదో చేశాడు. నాకు అర్థం కాలేదు.

"అదేటి?" అని అడిగాను.

"జీడిపిక్క. కొరాపుట్‌లో అందరం ఇలాగే సేస్తం, అప్పా" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. వాడి చేతులు నాకు మా యాసలోనే వినబడతాయి, అందుకే అలా రాస్తున్నాను. సస్మిత చేతులు మాత్రం ఒట్టి పాఠ్యపుస్తకం.

"మరి మనదో?"

వాడు నవ్వి పిడికిలి కింద బొటనవేలు వంచాడు, చిన్నపిల్లల ఆటని గుర్తుచేసుకున్నట్టు. ఆ రోజే అనుకున్నాను, మా ఇంటి సైగ ఒక్కటైనా ఆ నిఘంటువులోకి ఎక్కి తీరాలని. లోకంలో చెవిటివాళ్ళందరూ ఫోన్ తెరిస్తే అందులో నా చేతి పని ఒకటి ఉండాలి. అది చూసి సస్మిత నోరు మూసుకోవాలి. ఆవిడ నోరు ఎప్పుడూ మూసే ఉంటుందని మా ఆయన అన్నాడు. ఆయనకి అన్నీ వేళాకోళాలే.

"సవితి మీద పడ్డట్టు పడతన్నావేటి ఆ మనిషి మీద? నీ తమ్ముడికి నాలుగు మెతుకులు, నలుగురు మనుషులు దొరికేరు. సంతోషించు" అన్నాడు.

సంతోషించడానికి నేనేమైనా పరాయిదాన్నా?

బట్టలు కత్తిరించే మందపాటి కాగితం మీద మా ఇంటి సైగలన్నీ బొమ్మలు గీశాను. పనసతొనలు డబ్బాలో పెట్టుకున్నాను. తమ్ముడితో కలిసి బస్సులో రాయగడ వెళ్ళి అక్కడ కొరాపుట్ రైలెక్కాను. ఆదివారానికి ఇంటికొచ్చిన సస్మిత కూడా అదే రైలెక్కింది. సన్నటి మనిషి, జడ బిగించి వేసుకుంటుంది. నన్ను చూసి చేతులు జోడించింది. వెంటనే మా తమ్ముడి ఎదురుగా కూర్చుని మొదలుపెట్టింది. ఇద్దరి చేతులూ ఎంత జోరుగా ఆడాయంటే, నాకు అక్కడక్కడ ఒక మాట తప్ప ఏదీ అందలేదు. ఇన్నేళ్ళూ వాడి మాటలు మిగతా లోకానికి అందేవి కావు, నాకు ఒక్కదానికే అందేవి. ఇప్పుడు నేనూ ఆ మిగతా లోకంలో కలిసిపోయాను.

ఆ దారంతా సొరంగాలు. మా పెట్టెలో దీపాలు వెలగడం లేదు. వాడు చిన్నప్పుడు ఈ రైల్లో చీకటి పడగానే నా చేతులు వెతుక్కుని పట్టుకునేవాడు. నేను వాడి చేతుల్లోనే సైగలు చేసేదాన్ని. భయపడకు, ఇదిగో అయిపోవచ్చింది, అదిగో వెలుతురు. సొరంగం వస్తోందని నేను చేతులు కాస్త ముందుకి చాపి పెట్టుకున్నాను. చీకటి పడింది. సస్మిత ఫోన్ టార్చి వేసి కిటికీకి ఆనించి పెట్టింది. ఇద్దరూ ఆ వెలుగులో ఎక్కడ ఆపారో అక్కడి నుంచే మాట్లాడుకున్నారు. నేను చేతులు ఒళ్ళోకి లాక్కున్నాను. మళ్ళీ వచ్చిన ప్రతి సొరంగానికీ ఆ టార్చి బ్యాటరీ అయిపోవాలని మొక్కుకున్నాను.

కొరాపుట్‌లో వాన, చలి. బస్టాండు దగ్గర పుస్తకాల దుకాణం పైన రెండు గదులు, అదే వాళ్ళ ఆఫీసు. సస్మిత నా బొమ్మలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ శ్రద్ధగా చూసింది. తర్వాత మా తమ్ముడు నాకు అందేలా మెల్లగా చెప్పాడు.

"అన్నీ తిరగబడ్డాయి, అప్పా. నువ్వు ఎదురుగా కూకుని సూసినట్టు గీసేవు. సేసేవోడికి తన సేతులు ఎలా కనిపిస్తాయో అలా గియ్యాల."

నేను వాణ్ణి ఎదుట నుంచే కదా చూసింది. ఇంకెక్కడి నుంచి చూస్తాను? సస్మిత మా తమ్ముడి వెనక నిలబడి, వాడి భుజం మీదుగా వంగి, వాడి చేతులు వాడికి ఎలా కనబడతాయో నాకు చూపించింది. నాకు నేర్పడానికి మా తమ్ముడి భుజమే దొరికిందా అనుకున్నాను.

రెండో దెబ్బ కూడా అప్పుడే తగిలింది. ఒక్క ఇంట్లోనే వాడే సైగలు నిఘంటువులో పెట్టరట. చుట్టరికం లేని వేరువేరు ఊళ్ళ చెవిటివాళ్ళు కూడా అదే వాడుతుంటేనే పెడతారట. నా జీడిపిక్క మా గుమ్మం దాటలేదని తేలిపోయింది.

మధ్యాహ్నం అందరం కింద చాపల మీద కూర్చుని అన్నాలు తిన్నాం. పొట్టంగి నుంచి వచ్చి అక్కడ పనిచేసే ఒకాయన ఏదో కథ చెబుతున్నాడు. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు, మా తమ్ముడికి పొలమారింది కూడా. నేను అన్నం కలుపుకుంటూ కూర్చున్నాను. సస్మిత నా మొహం చూసింది. చాప మీద అరచేత్తో చరిచింది. అందరూ ఆగారు. కథ చెప్పినాయన చేత మళ్ళీ మొదటి నుంచీ చెప్పించింది, నా కోసం, మెల్లగా. ఆయన ఒకసారి బస్సెక్కితే కండక్టరు దారంతా అరుస్తూనే ఉన్నాడట. ఈయన దారంతా తలూపుతూనే ఉన్నాడట. దిగేసరికి అది దసమంతపూర్. ఇంటికి వెళ్ళే బస్సే కాదది.

అందరూ నా నవ్వు కోసం చూస్తున్నారు. నేను నవ్వాను. నాకు సైగలు సరిగ్గా రావని నలుగురిలో చూపించడానికే ఆవిడ అలా చేసిందని నాకు గట్టిగా అనిపించింది. చెవులు వినబడేదాన్ని, చదువుకున్నదాన్ని, నన్ను కూర్చోబెట్టి పసిపిల్లకి చెప్పినట్టు చెప్పించింది. పనసతొనలు అందరికీ పంచి, ఆవిడకి మాత్రం చిన్నవి వేశాను.

ఇంటికొచ్చాక పంతం పట్టి ఆ రాత నేర్చుకున్నాను. కుట్టుమిషన్ పక్కన ఫోన్ నిలబెట్టుకుని, నా చేతులు నేనే చూసుకుంటూ గీశాను. కుట్టుపని చేసే చేతులకి గీత కష్టం కాదు. గీసి తమ్ముడికి పంపితే సస్మిత చూసేది, మళ్ళీ వెనక్కి వచ్చేవి. ఈసారి చేతులు బాగానే ఉన్నాయట. చూపు రాయలేదట.

"చెయ్యి ఒక్కటే రాస్తే సగం సైగే అవుతుంది" అని ఆవిడ వీడియోలో చెప్పింది. "చేసేవారు ఎటు చూస్తూ చేస్తారో అది కూడా రాయాలి. చూపు మారితే అర్థం మారిపోతుంది."

"ఎటు సూస్తే ఏటి? వంకలు కాకపోతే" అన్నాను మా అమ్మతో.

మా అమ్మ సూర్యకాంతమ్మ గోంగూర ఏరుతోంది. "ఆ మనిషిని అనకమ్మీ. ఆడు ఒళ్ళు సేసేడు, సూసేవా?" అంది. అదొకటి. నా చేతి వంట తిన్నన్నాళ్ళూ వాడు ఒళ్ళు చెయ్యలేదు.

అలా ఉండగా తమ్ముడు ఒక ఆదివారం వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి సైగ చేశాడు.

"మనింటి సైగ ఒకటి ఎక్కింది, అప్పా. నువ్వు సేసే సైగే."

"ఏది? జీడిపిక్కా?"

"రాయగడలో మీటింగు పెడతన్నం, అక్కడ సూద్దువు గాని. ఆ రోజు అందరి ఫోన్లలోకీ ఇస్తం."

ఎంత అడిగినా చెప్పలేదు. నేను మాత్రం ఊరంతా చెప్పాను. జాకెట్లకి వచ్చినవాళ్ళకి కొలతలు తీస్తూ చెప్పాను, కూరలమ్మే ఆవిడకి ఒడియాలో చెప్పాను. మా ఆయన వేళాకోళం మానేసి, "సాధించేవు" అన్నాడు. రాయగడ వెళ్ళడానికి కొత్త జాకెట్టు కుట్టుకున్నాను.

రాయగడలో ఒక చిన్న హాలు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చెవిటిపిల్లల్ని తల్లులు తీసుకొచ్చారు. ముందు వైపు సస్మిత, ఆవిడ పక్కన మా తమ్ముడు, వాళ్ళ చుట్టూ పిల్లలు. గుణుపూర్ వైపు నుంచి వచ్చిన తెలుగు తల్లుల్ని నాకు అప్పగించారు. అర్థాలన్నీ ఒడియాలో ఉన్నాయి. నేను చదివింది ఒడియా బళ్ళోనే కాబట్టి చదివి వాళ్ళకి తెలుగులో చెప్పడం నా పని. పిల్లలు ఫోన్లలో బొమ్మలు చూసి చేతులు కదుపుతుంటే తల్లులు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నేను మాత్రం వెతుకుతున్నాను. ఊరి పేరుతో వెతికే వీలుంది. గుణుపూర్ అని నొక్కాను. ఒకే ఒక్క సైగ వచ్చింది. కింద మా తమ్ముడి పేరు ఉంది, ఇంకా వేరే ఊళ్ళ పేర్లు చాలా ఉన్నాయి.

"ఇదిగో, ఇది మా ఇంటిది. నాను సేసిందే, మా తమ్ముడికి" అన్నాను. తల్లులందరూ నా ఫోన్ చుట్టూ మూగారు.

జీడిపిక్క కాదు. నల్లగా నింపిన చెయ్యి, అంటే అరచెయ్యి నేల వైపు. కిందికి చిన్న బాణాలు, అంటే గాలిని నెమ్మదిగా తట్టాలి. మొహం సున్నాలో పెదవుల మీద నవ్వు. చూపు పక్కకి. ఎదుటి మనిషి మీద లేదు. బొమ్మలో ఉన్నట్టే చేసి చూపించాను. చెయ్యి గాలిని తట్టింది, నవ్వు మొహంతోనే తల పక్కకి తిప్పాను.

నా పక్కనున్న ఎర్రమ్మ ఫక్కున నవ్వింది. ఆవిడకి ఒక్కతే కూతురు, ముందు వరసలో ఎర్ర రిబ్బన్ల పిల్ల.

"ఇది మేమూ సేస్తం గదమ్మీ" అంది. "మా గుంట, నలుగురు కూకుని నవ్వుకుంటంటే సాలు, ఏటి ఏటి అని కొంగట్టుకు లాగుతాది. ఇలాగంటే ఊరుకుంటాది."

"మాయింట్లోనూ అంతే" అని ఇంకొకావిడ చేసి చూపించింది. తల్లులందరి చేతులూ గాలిలో తట్టాయి. ఒకరినొకరు చూసుకుని నవ్వులే నవ్వులు. నా గొప్పకి హద్దు లేకుండా పోయింది. ఇన్ని ఊళ్ళలో చేస్తున్న సైగ, అందుకే ఎక్కింది.

"అర్థం ఏటి రాసేరో సదువమ్మీ" అంది ఎర్రమ్మ.

నొక్కాను. మా తమ్ముడి ఒడియా. వాడు రాసేవి ఎప్పుడూ పొట్టి వాక్యాలే.

"ఇంట్లో అందరూ నవ్వుతారు. ఎందుకు అని అడుగుతాం. అప్పుడు ఈ సైగ చేస్తారు. తర్వాత చెప్తాం అని. చెప్పరు."

"ఏటుందమ్మీ?"

"తర్వాత సెప్తాం అని" అన్నాను. ఆఖరి మాట చదవలేదు.

"అంతే కదా" అని ఎర్రమ్మ మళ్ళీ ఆ సైగ చేసింది. మళ్ళీ అందరూ నవ్వారు. హాలంతా మావైపు తిరిగేలా నవ్వారు. వినబడేవాళ్ళు ఆ నవ్వుకి తిరిగారు, పిల్లలు వాళ్ళని చూసి తిరిగారు. మా తమ్ముడు కూడా తిరిగాడు. అంత దూరం నుంచి నన్ను చూసి కనుబొమలెత్తాడు. ఏటి అప్పా, ఎందుకు నవ్వుతున్నారు?

ఎర్రమ్మ ఇంకేదో అంటోంది. ఆవిడ మాట వింటూనే నా చెయ్యి లేచింది. అరచెయ్యి నేల వైపు. గాలిని తట్టింది. నా చూపు అప్పటికే ఎర్రమ్మ మీద ఉంది.

చేసిన సంగతి చేశాక తెలిసింది. గబుక్కున వాడికేసి చూశాను. వాడు కోపంగా లేడు. అసలు నాకేసి చూడటమే లేదు. నా చెయ్యి కిందికి దిగేలోపే సస్మిత వైపు తిరిగిపోయాడు. జవాబు కోసం ఆగే అలవాటే వాడికి లేదు. సస్మిత ఏదో అడిగింది, వాడు భుజాలెగరేశాడు, ఇద్దరూ పనిలో పడ్డారు.

ఆ క్షణంలో సస్మిత మీద వచ్చినంత కుళ్ళు నాకు ఎప్పుడూ రాలేదు. ఆవిడ చదువు మీద కాదు, కంప్యూటర్ మీద కాదు. అడిగితే చెబుతారనే నమ్మకంతో మా తమ్ముడు ఒక మనిషి వైపు తిరిగాడు. ఆ మనిషి నేను కాదు.

ఫోన్ ఎర్రమ్మ చేతిలో పెట్టి లేచాను. కుర్చీల మధ్య నుంచి, పిల్లల్ని తప్పించుకుంటూ ముందుకి వెళ్ళాను. తమ్ముడి భుజం పట్టుకుని ఇటు తిప్పాను. సస్మిత నన్ను చూసి కుర్చీ వెనక్కి జరుపుకుంది. వాడి ఎదురుగా నేల మీద కూర్చున్నాను, కొత్త జాకెట్టూ చీరా మట్టి కొట్టుకుపోతాయని కూడా చూసుకోలేదు. ఎర్రమ్మ ఏమందో చెప్పాను. గుంట కొంగు పట్టుకు లాగడం, రెండో ఆవిడ మాట, మళ్ళీ ఎర్రమ్మ మాట. ఏదీ వదలకుండా చెప్పాను. వాడు రాసిన అర్థంలో ఆఖరి మాట నేను వాళ్ళకి చదవలేదని కూడా చెప్పాను.

వాడు నవ్వలేదు. తర్వాత వాడి చేతులు మెల్లగా లేచాయి, నాకు అందాలని.

"నీ పెళ్ళిలో, తలంబ్రాలప్పుడు, అందరూ నవ్వేరు. నువ్వూ నవ్వేవు. నాను వచ్చి అడిగేను. ఏటది, అప్పా?"

పీటలు గుర్తొచ్చాయి. బియ్యం గింజ కంట్లో పడటం గుర్తొచ్చింది. మా ఆయన పక్కన ఎవరో ఏదో అనడం, పందిరంతా గొల్లుమనడం గుర్తొచ్చింది. కొత్త చొక్కా వేసుకుని వీడు జనంలోంచి తోసుకొచ్చి నా మోచెయ్యి పట్టుకోవడం కూడా గుర్తొచ్చింది. ఎందుకు నవ్వామో మాత్రం, ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

వాడు నా చేతులకేసి చూస్తూ కూర్చున్నాడు.